పదిహేడో నంబరు బోటులో మూడో మనిషి

అప్పాయమ్మకి చదువు రాదు. కానీ పదిహేడు అనే అంకె ఎక్కడ కనబడినా గుర్తుపడుతుంది. ఆ అంకె వాళ్ల బోటు ముందుకొసన ఎర్రరంగుతో ఉంటుంది. బోటు కొన్న ఏడు ఆమె మొగుడు వీరాస్వామి తనే కూర్చుని రాశాడు, ఒకటి కాస్త వంకరగా. అందుకే గ్రామ సచివాలయం గోడకి వేట నిషేధ భృతి జాబితా అంటించారని తెలియగానే, మిట్టమధ్యాహ్నపు ఎండలో కొంగు నెత్తిన వేసుకుని వచ్చి, కాగితాల మీద వేలు జరుపుకుంటూ పోయి పదిహేడు దగ్గర ఆగింది. పక్కన మూడు పేర్లున్నాయి. బోటులో వేటకెళ్లేది కూడా ముగ్గురే. లెక్క సరిపోయింది కదా అని ఊపిరి పీల్చుకుంది.

"సాయిదుర్గమ్మా, ఇలా రా తల్లీ. ఈ ముగ్గురూ ఎవరో చదివి పెట్టు."

సాయిదుర్గ ఆ సచివాలయంలో చేపల శాఖ పనులు చూసే పిల్ల. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. లోపలినుంచి వచ్చి చదివింది. "త్రిమూర్తులు, పెదబాబు, రాజేంద్ర."

త్రిమూర్తులు అప్పాయమ్మ మరిది. పెదబాబు అతని కొడుకు. మరి రాజేంద్ర?

"రాజేంద్రంటే ఎవరమ్మా? రోడ్డుమీద రొయ్యల మేత కొట్టు రాజేంద్రా?"

"ఆధార్ ఆయనదేనండి."

అప్పాయమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఏటా ఏప్రిల్ పదిహేను నుంచి అరవై ఒక్క రోజులు సముద్రంలో వేటకి పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం. చేప తన పిల్లల్ని సాకుతుంటే మనిషి తన పిల్లలకేం పెట్టాలని ప్రభుత్వం ఆలోచించి, వేటకెళ్లే ప్రతి మనిషికీ ఇరవై వేలు ఇస్తామంది. మంచి మాట. మంచి మాటలకి ఈ దేశంలో ఏనాడూ కొదవ లేదు. ఆ మాట వెలగపూడిలో బయలుదేరి మొగల్తూరు దాటి ఈ రేవు చేరేసరికి దాని వెంట ఎవరెవరు ఎక్కుతారన్నదే గొడవ.

డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ జాబితాలో పేరున్నవాడే ప్రభుత్వం దృష్టిలో జాలరి. పోయిన కార్తీకంలో మరిడమ్మ కొడుకు సముద్రంలో పోయాడు. ఇరవై మూడో నంబరు బోటులో వెళ్లాడు, కెరటం లాక్కుపోయింది. ఊరంతా చూసింది. ఆఫీసులో మాత్రం "వేటకెళ్లినట్టు ఆధారం ఏంటి? జాబితాలో పేరు లేదు కదా" అన్నారు. ఆ తల్లికి కొడుకు శవమూ దొరకలేదు, కాగితం మీద పేరూ దొరకలేదు. అప్పటినుంచీ అప్పాయమ్మకి ఒకటే దిగులు. రేపు నేను పోతే నన్నూ ఇలాగే అడుగుతారు, అసలు నువ్వు బోటెక్కావా అని.

ఎక్కింది. ఐదేళ్లుగా ఎక్కుతూనే ఉంది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర బోటు తిరగబడి వీరాస్వామి కుడికాలు మోకాలి కింద నుజ్జయ్యాక, ఇంట్లో తెడ్డు పట్టగలిగిన చెయ్యి ఆమెదొక్కటే మిగిలింది. మొదట్లో రేవంతా నోరు నొక్కుకున్నారు. ఆడది సముద్రం మీదకా అన్నారు. ఇంజను చెడిపోయి రెండు రోజులు నీళ్లమీద ఉండిపోయినప్పుడు, తెడ్డేసి బోటుని ఒడ్డుకి తెచ్చింది ఆమేనని త్రిమూర్తులు చెప్పాక నోళ్లు మూతపడ్డాయి.

కానీ ఒక్క కట్టుబాటు మాత్రం ఆమె కూడా దాటలేదు. పడవకి ముఖం ఉంటుందని ఆ రేవు నమ్మకం. ముందుకొసన పసుపు రాసి, కుంకుమ పెట్టి, గంగమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టే చోటది. దానికి ఎదురుగా ఆడది నిలబడకూడదు, అక్కడ కాలు పెట్టకూడదు. ఐదేళ్లుగా అప్పాయమ్మ మోకాటిలోతు నీళ్లలో నడిచి వెళ్లి వెనకనుంచే, ఇంజను పక్కనుంచే ఎక్కుతోంది.

భృతి కోసం బోట్ల లెక్కలు తీసే రోజున కొంప ముంచింది ఆ కట్టుబాటే.

ఆ రోజు కాంట్రాక్టు మనుషులు ఇద్దరు ఫోన్లు పట్టుకుని వచ్చారు. సాయిదుర్గని ఇంకో ఊరికి పంపేశారట. బోటు నంబరు కనబడేలా మనుషులు ముందు నిలబడాలన్నారు. త్రిమూర్తులూ పెదబాబూ నిలబడ్డారు. అప్పాయమ్మ అలవాటు కొద్దీ తెడ్డు పట్టుకుని వెనక్కి తప్పుకుంది.

"ముగ్గురని రాసుంది, ఇద్దరే ఉన్నారేంటండి?"

"మూడో మనిషి మా వదినండి. అదిగో, వెనకాల."

"ముందుకి రమ్మనండి మరి."

"ముందుకి రాకూడదండి."

ఆ మనిషికి అవతల నలభై బోట్లున్నాయి, నెత్తిన ఎండ ఉంది. పీతలు కొనడానికి వచ్చి అక్కడే మోటారుసైకిల్ మీద కూర్చున్న రాజేంద్ర నవ్వుతూ లేచాడు. "లెక్కకి ముగ్గురుంటే చాలు కదండీ, నేను నిలబడతాలెండి." సందట్లో సడేమియా. పైగా వట్టి చేతులతో బాగోదన్నారు. అప్పుడు అప్పాయమ్మ, ఫోటో బోటుకే కదా, పేర్లు తర్వాత అడుగుతారు కదా అనుకుని, తన చేతిలోని తెడ్డు తనే రాజేంద్రకి అందించింది. పేర్లు ఎవరూ అడగలేదు. ఫోటో తీశారు, ముగ్గురి ఆధార్ నంబర్లూ ఫోన్లో ఎక్కించుకున్నారు, పోయారు. రాజేంద్ర కార్డు పర్సులోనే ఉంది. అలాంటివాళ్ల పర్సుల్లో ఎప్పుడూ ఉంటుంది.

సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా!

"నా లాగిన్‌లో మార్చడానికి లేదండి," అంది సాయిదుర్గ, గొంతు తగ్గించి. "అభ్యంతరం నేను రాసిపెడతాను, వేలిముద్ర వెయ్యండి. శుక్రవారం రేవులో సభ ఉంది. ఆఫీసరుగారు వస్తారు. అక్కడ గట్టిగా అడగండి. నేను చెప్పానని మాత్రం అనకండి, అమ్మగారూ. ఆ రాజేంద్ర మాజీ సర్పంచిగారి బావమరిది."

ఇంటికెళ్లేసరికి వీరాస్వామి అరుగుమీద వల బాగుచేస్తున్నాడు. అంతా విని, "తెడ్డు చేతికిచ్చింది నువ్వే కదే. తప్పు మనవైపుంది," అన్నాడు.

"నేనిచ్చాను మావా. ఇచ్చాను. వెనక నిలబడబట్టి ఇచ్చాను. నన్ను వెనక నిలబెట్టిందెవరు? మీ అమ్మా? మీ నాన్నా? నువ్వు కాదూ? సముద్రంలో నడుం విరిగేలా తెడ్డెయ్యడానికి అరిష్టం లేదు గానీ, ఒడ్డున నిలబడ్డానికి వచ్చిందేం?"

వీరాస్వామి చేతిలో సూది ఆగింది.

శుక్రవారం పొద్దున్నే చేపల వేలం పాడే షెడ్డులో కుర్చీలు వేశారు. ఆఫీసరు అనిల్ కుమార్ గారు కొబ్బరిబోండం తాగి, గొంతు సవరించుకుని, పారదర్శకత గురించి పది నిమిషాలు మాట్లాడారు. జాబితా మీద ఎవరికైనా అభ్యంతరాలుంటే నిర్భయంగా చెప్పవచ్చన్నారు. ముందు వరసలో రాజేంద్ర కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు. అతని ముందు నిర్భయంగా చెప్పాలట.

అప్పాయమ్మ తెడ్డు భుజాన వేసుకుని లేచింది.

"పదిహేడో నంబరు బోటులో మూడో మనిషిని నేనండి. ఈయన కాదు."

ఆఫీసరు ట్యాబు తెప్పించుకుని చూశారు. "చూడమ్మా, మాకు ఆధారం కావాలి. ఫోటోలో రాజేంద్రగారున్నారు. మీరు లేరు. నన్నేం చెయ్యమంటారు?"

"ఆ ఫోటోలో తెడ్డుందా బాబూ?"

"ఉంది."

"పిడికి ఏం చుట్టుందో చూడండి."

సాయిదుర్గ ఎవరూ అడగకుండానే వంగి ఫోటో పెద్దది చేసింది. పిడికి ఆకుపచ్చ చీరపీలిక చుట్టి ఉంది. అప్పాయమ్మ భుజం మీది తెడ్డుకీ అదే పీలిక. చెయ్యి బొబ్బలెక్కకుండా పాతచీర చించి చుట్టుకున్నది. షెడ్డులో గుసగుసలు మొదలయ్యాయి.

"తెడ్డు ఎవరిదైతే ఏంటమ్మా, పట్టుకున్నది ఆయన," అన్నారు ఆఫీసరు.

"అప్పుడప్పుడూ వెళ్తుంటానండీ వేటకి," అన్నాడు రాజేంద్ర, చక్కగా నవ్వుతూ. "వీళ్లకి తోడుగా."

అంతే. అప్పాయమ్మ అడుగులు వాటంతట అవే కదిలాయి. తెడ్డు తీసుకెళ్లి అతని ఒళ్లో పెట్టింది. "అయితే పట్టండి రాజేంద్రగారూ. ఇదిగో ఉప్పుటేరు, ఇరవై అడుగుల్లో ఉంది. అవతలి గట్టుకెళ్లి తిరిగి రండి. వస్తే నా పేరు నేనే కొట్టేయించుకుంటాను."

"నిషేధం కదండీ, బోటు దింపకూడదు," అన్నాడతను ఆఫీసరు వైపు తిరిగి.

"వల లేదు, ఇంజను వెయ్యట్లేదు, ఉప్పుటేరులో తెడ్డేస్తే నిషేధమేంటండి!" అని త్రిమూర్తులు అప్పుడే బోటు నెట్టేస్తున్నాడు. పదిమంది చెయ్యేశారు. ఆఫీసరు ఏదో అనబోయి, జనాన్ని చూసి, బోండంలో మిగిలిన నీళ్లు తాగారు.

పరువు పోతుందని రాజేంద్ర లేచాడు. బూట్లతోనే పసుపు రాసిన ముందుకొస తొక్కి ఎక్కాడు. తెడ్డు నీళ్లలో వేశాడు. బోటు ఒక చుట్టు తిరిగింది. ఇంకోవైపు వేశాడు. ఇటు ఒక చుట్టు తిరిగింది. మూడోసారి వేసేసరికి పోటునీరు లాగడం మొదలుపెట్టింది, తెడ్డు వదిలేసి రెండు చేతులా అంచు పట్టుకుని, "తాడెయ్యండ్రా! ఒరేయ్, తాడెయ్యండి!" అని కేకలు పెట్టాడు.

రేవు రేవంతా పడీ పడీ నవ్వింది. అప్పాయమ్మ నవ్వలేదు. నవ్వితే కోపం చల్లారిపోతుందని ఆమె భయం. నడుములోతు నీళ్లలోకి దిగి, తేలిపోతున్న తెడ్డు అందుకుని, వెనకనుంచి ఎక్కి, నాలుగుసార్లు తెడ్డేసి బోటుని ఒడ్డుకి తెచ్చింది.

"సరే, సరే," అన్నారు ఆఫీసరు, నవ్వాపుకుంటూ. "ఆయన పేరు తీసేద్దాం. కానీ అమ్మా, మీ పేరు ఎక్కాలంటే ఫోటో కావాలి. బోటు నంబరూ, మనిషి ముఖమూ ఒకే ఫోటోలో రావాలి. వేరేలా సిస్టం తీసుకోదు."

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. నంబరు ఎక్కడుందో అందరికీ తెలుసు.

వెనకనుంచి ఒక ముసలాయన గొణిగాడు. "ముఖానికి ఎదురు ఆడది నిలబడితే రేవుకి అరిష్టమండి. అనాదిగా ఉన్నది."

అప్పాయమ్మ తడిచీరతో అతని వైపు తిరిగింది. "ఇందాక బూటుకాలు పెట్టి తొక్కితే రాని అరిష్టం నేను నిలబడితే వస్తుందా బాబాయ్? అప్పుడు మీ నోరేమైంది? నేనేం దొంగనా? నేనేమన్నా వాడి సొమ్ముకొచ్చానా? రేపు సముద్రంలో పోతే మరిడమ్మ కొడుకుని అడిగినట్టే నన్నూ అడుగుతారు. చచ్చాక కూడా నేను వెనకాలే ఉండాలా?"

షెడ్డు స్తంభానికి ఆనుకుని చంకకర్రతో నిలబడ్డ వీరాస్వామి గొంతు వినిపించింది.

"నిలబడ్డమేంటే. ఎక్కి కూర్చో."

ఆమె అతని వైపు చూసింది. కోపం తగ్గలేదు, తగ్గించుకోలేదు. ఈ మాట ఐదేళ్ల కిందట అనుంటే ఏం పోయేది? అయినా వెళ్లింది. రాజేంద్ర బూటు చెరిపిన పసుపుని కొంగుతో తుడిచి, ఆ ముందుకొస మీదే కాలు పెట్టి ఎక్కి కూర్చుంది. పాదాల కింద వంకర ఒకటి, పక్కన ఏడు. తెడ్డు నిలువుగా పట్టుకుంది. సాయిదుర్గ ఫోటో తీసింది. మొదటిదాంట్లో నంబరు సరిగ్గా పడలేదని మళ్లీ తీసింది.

పది రోజులకి తుది జాబితా వచ్చింది. ఈసారి కూడా అప్పాయమ్మ పదిహేడు దగ్గర వేలు పెట్టి చదవమంది. త్రిమూర్తులు, పెదబాబు, అప్పాయమ్మ. రెండోసారి చదివించుకుంది. మూడోసారి కూడా. తర్వాత ఎందుకో, వెళ్లిపోబోయి ఆగింది.

"మిగతాది కూడా చదువు తల్లీ. మొత్తం."

"అన్నీనా అండీ? అరవై బోట్లున్నాయి."

"చదువు."

సాయిదుర్గ చదువుకుంటూ పోయింది. ఇరవై మూడు దగ్గర ఆగింది. ఆ బోటులో మరిడమ్మ కొడుకు పోయాక ఒక చోటు ఖాళీగా ఉంది. ఇప్పుడు లేదు.

"ఎవరమ్మా?"

సాయిదుర్గ నేల చూపులు చూస్తూ చెప్పింది. "రాజేంద్ర."

బతికుండగా ఆ పిల్లాడి పేరు ఎక్కించడానికి జాబితాలో చోటు లేదన్నారు. చచ్చాక వాడి చోటులో వీడికి చోటూ దొరికింది, ఫోటోకి బోటూ దొరికింది. అప్పాయమ్మ ఇంటికెళ్లి గోడకి ఆనించిన తెడ్డు తీసుకుని, అరుగుమీదనుంచి వీరాస్వామి ఎక్కడికే అంటున్నా వినిపించుకోకుండా, వీధి చివర మరిడమ్మ గుడిసె దాకా నడిచింది. తలుపు దగ్గరే నిలబడి పిలిచింది.

"మరిడమ్మా, లే. చీర మార్చుకో. నీ కొడుకు చోట్లో ఎవడో కూర్చున్నాడు, పోయి లేపి వద్దాం."