పాట ఆగితే తలుపు తీస్తా

వీధి వీధంతా తలుపులకు గడియలు బిగించిన అక్క, తమ్ముడు ఇంటికొచ్చే ముందు రోజు తన ఇంట్లో గడియలన్నీ ఊడదీసింది. వడ్రంగం తండ్రి దగ్గర నేర్చుకున్న విద్య. స్క్రూడ్రైవర్ చేతికొచ్చిందంటే ఇక ఎవరి మాటా చెవికెక్కదు.

తమ్ముడున్న మానసిక వైద్యశాలలో నర్సు అక్కకు ఉన్నదున్నట్టు చెప్పింది. "ఇంటికెళ్లిన కొత్తలోనే గండం. మత్తుపొడి మానేసి ఇన్నాళ్లయింది, ఒంటికి అలవాటు తప్పింది. మునుపటంత పీల్చాడంటే ఊపిరి ఆగిపోతుంది. ఒంటరిగా తలుపేసుకోనివ్వకండి." ముక్కులో కొట్టే విరుగుడు మందు ఇచ్చి, ఎలా వాడాలో చూపించింది.

"నా తమ్ముణ్ణి పోనిస్తానా?" అంది అక్క.

ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. స్నానాలగదిలో ఎవరున్నా పాడుతూనే ఉండాలి. పాట ఆగితే అక్క తలుపు తీస్తుంది.

"ఇదేం జైలక్కా?" అన్నాడు తమ్ముడు మొహం గంటు పెట్టుకుని.

"జైల్లో పాటలు పాడనిస్తార్రా? నోర్మూసుకుని పాడు."

"నోర్మూసుకుని ఎలా పాడతాడే?" అన్నాడు బావ. స్నానాలగదిలో ఆయన పాట ఎత్తుకుంటే ఇరుగుపొరుగు కిటికీలు మూసుకునేవారు. అక్క మాత్రం ధీమాగా ఉంది. తను పెట్టిన కట్టుదిట్టం దాటి ఏదీ రాదని ఆమె నమ్మకం.

ఒక ఉదయం ఆమె వసారాలో చెక్క చిత్రిక పడుతోంది. లోపల స్నానాలగదిలో తమ్ముడి పాట చరణం మధ్యలో ఆగింది. అక్క చేతిలో చిత్రిక వదిలేసింది. విరుగుడు మందు పట్టుకుని ఒక్క ఉదుటున తలుపు తోసింది.

తమ్ముడు నేల మీద కూర్చున్నాడు. అరచేతిలో చిన్న పొట్లం. గోడ మీది అద్దం పక్కకు జరిగి ఉంది. ఆ అద్దం బిగించింది తనే. దాని వెనక ఏముందో చూడాలని ఆమెకు తట్టనే లేదు.

"పీల్చావా?"

"లేదు. విప్పలేదు." వాడు అద్దం వైపు చూశాడు. "ఆస్పత్రికి వెళ్లకముందు ఎప్పుడో దాచింది. ఇప్పుడే గుర్తొచ్చింది."

"మరి పాటెందుకు ఆపావురా?"

"ఆపితే వస్తానన్నావుగా."

అక్క పొట్లం లాక్కుని నీళ్లలో కలిపేసింది. ఆ తడి నేల మీదే కూలబడి, వాణ్ణి పొదువుకుని భోరుమంది. అంత ఏడుపు తనలో ఉందని ఆమెకే తెలియదు.

బయట బావ కంగారుగా అరిచాడు. "పాట వినబడ్డం లేదు! నేను రానా?"

"రా బావా," అన్నాడు తమ్ముడు. "అక్క ఏడుస్తోంది."