ఏ ఓడలో వచ్చారని అడిగిన మనిషి

మా ఊళ్ళో ఎవరినైనా ఏమైనా అడగొచ్చు. పిల్లనివ్వమని అడగొచ్చు, పంది ఎన్ని పిల్లల్ని పెట్టిందని అడగొచ్చు, నిన్న తాగి ఏ కాలవలో పడ్డావని కూడా అడగొచ్చు. కానీ తల నెరిసినవాళ్ళను పట్టుకుని "మీరు ఏ ఓడలో వచ్చారు?" అని మాత్రం అడగకూడదు. ఇదేమీ ప్రభుత్వం చేసిన చట్టం కాదు. టాస్మేనియాలో పుట్టిన పిల్లలకు ఉగ్గుపాలతో అబ్బే మర్యాద. ఎందుకంటే ఇక్కడి ముసలివాళ్ళలో సగంమంది ఇంగ్లీషు ప్రభుత్వం శిక్ష వేసి పంపిన ఖైదీ ఓడల్లో దిగినవాళ్ళే. మిగతా సగం సొంత డబ్బుతో వచ్చామని చెప్పుకుంటారు. అందులో నిజమెంతో ఆ పైవాడికే తెలియాలి.

అలాంటి ఊళ్ళో ఒక మంగళవారం పొద్దున ఎవరో పరాయి మనిషి బండి దిగి, బజారు నడిమధ్యన నిలబడి, సరిగ్గా ఆ మాటే అడిగాడు.

ఆ కబురు ఆనా హాలం దగ్గరికి మోసుకొచ్చినవాడు బండి తోలే ముసలి జెత్రో. ఆనా వంటింట్లో ప్లమ్‌పళ్ళ జామ్ కలుపుతోంది. జెత్రో గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"విన్నావా ఆనా? నన్నడిగాడే! గుర్రానికి దాణా పెడుతుంటే వచ్చి, టోపీ తీసి, ఎంత వినయంగానో, 'తాతా, తమరు ఏ ఓడలో వచ్చారు' అన్నాడు. దాణా సంచి కాళ్ళ మీద పడేసుకున్నాను."

"మరి నువ్వేం చెప్పావు?"

"చెవుడన్నాను. దానికి వాడు ఇంకా గట్టిగా అరిచి అడిగాడు, చచ్చినోడు! ఊరంతా విన్నది. కొట్లోకెళ్ళి అడిగాడు, కొట్టు క్షణంలో ఖాళీ. సారా దుకాణంలో అడిగాడు, నిండు గ్లాసులు వదిలేసి పోయారు జనం. అది మాత్రం నా జన్మలో చూడలేదు."

ఆనా నవ్వబోయింది. నవ్వు రాలేదు. "పోలీసా?"

"పోలీసు మొహం కాదు. ఐర్లండు మనిషి. ఎవరో ఆడమనిషి కోసం వెతుకుతున్నాడు. హనోరా స్కల్లీ అట."

గరిట ఆనా చేతిలో అలాగే ఉండిపోయింది. జామ్ అడుగంటి మాడు వాసన వేస్తున్నా ఆమెకు తెలియలేదు. జెత్రో ఆమె మొహంలోకి ఒకసారి చూసి, వెంటనే నేలచూపులు చూశాడు.

"నాకేం తెలీదు. నేనెవర్నీ ఎరగను," అంటూ వచ్చినంత తొందరగానూ వెళ్ళిపోయాడు.

ఆనా స్టూలు మీద కూలబడింది. ఆ పేరు ఇంకొకరి నోట విని ఎన్నేళ్ళయిందో! ఆ పేరుగల మనిషిని ఆమె ఎప్పుడో పాతిపెట్టేసింది. తనే ఆ హనోరానని శిక్ష తీరాక పెళ్ళాడిన హాలంకు తప్ప ఎవరికీ తెలియదు, ఆయన పోయి చాలాకాలమైంది. కూతురు టబితాకు కూడా చెప్పలేదు. మీ అమ్మ మేనమామతో కలిసి దర్జాగా టికెట్టు కొనుక్కుని వచ్చిందనే చెప్పి పెంచారు. టబితా ఇప్పుడు పిండిమర సైలస్ భార్య. ఆనా ఉండేదీ వాళ్ళింట్లోనే. చర్చిలో ముందు బల్ల వాళ్ళదే. ఈ ఆదివారం సైలస్‌ను చర్చి పెద్దగా ఎన్నుకోబోతున్నారు.

పోయిన ఏడు బడిపంతులు భార్యకు ఏమయిందో ఆనా కళ్ళారా చూసింది. వాళ్ళ నాన్న దొంగతనం చేసి ఇక్కడికి వచ్చాడని ఎలాగో బయటపడింది. ఎవరూ ఒక్క మాటనలేదు. టీకి పిలవడం మానేశారు, అంతే. చలికాలం వెళ్ళేలోపే వాళ్ళు ఇల్లమ్ముకుని సముద్రం దాటి మెల్బోర్న్ పోయారు. ఆ గతే తన కూతురికీ పడితే? ఈ ముసలి వయసులో తను ఏ ముఖంతో ఆ ఇంట్లో కూర్చుని తినాలి? ఆనా లేచి మాడిన జామ్ గిన్నె దించింది.

అప్పుడే వీధి తలుపు చప్పుడైంది.

టబితా వెళ్ళి తీసింది. ఆనా వంటింటి తలుపు సందులోంచి చూసింది. బక్కపలచని మనిషి, ఎర్రగడ్డం, టోపీ చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. నుదుటి మీద జుట్టులో సుడి. ఆ సుడిని నీళ్ళతో తడిపి ఎన్నిసార్లు అణిచిందో, ఎన్నిసార్లు అది మళ్ళీ లేచి నిలబడిందో.

"క్షమించాలమ్మా," అంటున్నాడు. "ఊళ్ళో ఎవరూ నాతో మాట్లాడటం లేదు. నేను చేసిన తప్పేమిటో తెలియడం లేదు."

"మీరడిగిన మాట అలాంటిది లెండి. ఇక్కడ అది అడగరు."

"ఓడ పేరు అడిగితే తప్పా? మా వైపు అయితే ఆ మేక ఎవరిదని అడిగినట్టే!"

టబితా మర్యాద తెలిసిన మనిషి. గుమ్మంలో నిలబెట్టి పంపలేక లోపలికి పిలిచి టీ పోసింది. తల్లిని కూడా కేకేసింది. ఆనా వచ్చి గోడవారన కుర్చీలో కూర్చుంది. వెలుతురు మొహాన పడకుండా చూసుకుంది.

"ఆమె మీకేమవుతుంది?" అంది టబితా.

"మా అమ్మ."

టబితా పంచదార గిన్నె అతని ముందుకు జరిపింది.

"నా పేరు కోర్మక్. క్లేర్ జిల్లా మాది. ఆలుగడ్డలు కుళ్ళిపోయి జనం ఆకలికి రాలిపోయిన రోజుల్లో మా అమ్మ ఒక గొర్రెను కొట్టుకొచ్చింది. ఆ మాంసం నేనూ తిన్నానమ్మా, ఆ రుచి ఇంకా గుర్తుంది నాకు. ఆమెను ఓడెక్కించారు. చంకలోని చెల్లిని తీసుకెళ్ళనిచ్చారు, దాని పేరు ఊనా. నేను ఎదిగినవాణ్ణని మా అమ్మమ్మ దగ్గర వదిలేయమన్నారు."

"ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకు?" టబితా గొంతులో కరుకు లేదు, భయం ఉంది.

"మా అమ్మమ్మ జపం చెప్పేటప్పుడు బతికున్నవాళ్ళ పేర్లు ఒకసారి చెప్పేది, పోయినవాళ్ళవి ఒకసారి. అమ్మ పేరు దగ్గర ఆగిపోయేది పాపం. ఎటు కలపాలో ఆవిడకు తెలియదు. ప్రాణం పోయేముందు నాతో, 'ఒరేయ్, అది ఎటున్నదో కనుక్కోరా' అంది. నేను మెల్బోర్న్‌లో రైలు కట్ట పనికొచ్చాను, అక్కణ్ణుంచి ఇటు దాటాను. నాకు ఇంకేం వద్దు. ఉందా, పోయిందా? అంతే."

ఆనా నోరు తెరిచింది. నేనేరా అంటే కూతురి సంసారం కూలుతుంది. అనకపోతే వీడు ఇలాగే ఊరూరా తిరుగుతాడు. పైగా ఇంకో భయం, అన్నింటికన్నా పెద్దది: పాపను తీసుకుని నన్నెందుకు వదిలేశావని వీడు అడిగితే?

టబితా కప్పు కింద పెట్టింది.

"పోయింది," అంది. "ఆ పేరుగలావిడ ఒకామె నా చిన్నతనంలో ఉండేది. బట్టలుతికేది. దగ్గు జబ్బు చేసి పోయింది. చర్చి వెనక కంచెవారన పూడ్చారు."

తడబాటు లేదు, రెప్ప వాల్చలేదు. ఆనా కూతురి వైపే చూసింది. ఇంత నున్నగా అబద్ధమాడటం ఈ పిల్ల ఎక్కడ నేర్చింది? నా దగ్గరే. అంటే దీనికి తెలుసు. ఎప్పటినుంచి తెలుసు?

కోర్మక్ టోపీ అందుకుని లేచాడు. "ఆ చోటు కాస్త చూపిస్తారా?" అన్నాడు.

టబితా ఇది ఊహించలేదు. కాదనడానికి సాకు దొరకలేదు. తను రాకుండా వీళ్ళిద్దరూ వెళితే అక్కడ ఏ మాట బయటపడుతుందోనని ఆనా శాలువా కప్పుకుని వెంట నడిచింది. దారిలో బురద. కోర్మక్ చెయ్యి అందించాడు.

"పెద్దమ్మా, జాగ్రత్త. నన్ను పట్టుకోండి."

పట్టుకుంది. రేవులో ఆమె వదిలిన చెయ్యి మెత్తగా, జిగటగా ఉండేది. ఇది కాయలు కాసి చెక్కలా ఉంది. ముసలావిడ నడవలేదనుకున్నాడు కాబోలు, వాడు నడక నెమ్మది చేశాడు.

కంచెవారన గడ్డి మొలిచిన దిబ్బలు కొన్ని ఉన్నాయి. టబితా చేతికొచ్చిన దాన్ని చూపించింది. అది ఎవరిదో దేవుడికే తెలుసు. కోర్మక్ తడి నేల మీద మోకరించి జేబులోంచి జపమాల తీశాడు. వాళ్ళ ఐర్లండు పాత భాషలో మొదలుపెట్టాడు, హనోరా ఆత్మకు శాంతి కలగాలని. బతికుండగా తన చావు జపం వినడమంటే ఏమిటో ఆనాకు అప్పుడు తెలిసింది. కాళ్ళకింద మట్టి తననే లోపలికి లాగుతున్నట్టు అనిపించింది.

వాళ్ళ వైపు జపం ఒక్కరు చెప్పేది కాదు. ఒకరు మొదటి సగం చెబుతారు, చుట్టూ ఉన్నవాళ్ళు రెండో సగం అందుకుంటారు. కోర్మక్ మరియమ్మకు వందనమన్నాడు, మొదటి సగం ముగించాడు, అలవాటు చొప్పున ఆగాడు. వెనక ఉన్నది మరియమ్మ జపం లేని వేరే చర్చివాళ్ళని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. తనే చెప్పుకుందామని గొంతు సవరించుకున్నాడు.

"పరిశుద్ధ మరియమ్మా, సర్వేశ్వరుని మాతా..."

గొంతు ఆనాది. ఆమె అనాలనుకోలేదు. ఆపాలని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది కూడా. మాటలు వేళ్ళ సందుల్లోంచి వచ్చేశాయి, అదే పాత భాషలో, అదే క్లేర్ యాసలో, ఆమెన్ దాకా.

కోర్మక్ మోకాళ్ళ మీదే వెనక్కి తిరిగాడు. ఆమెను ఎగాదిగా చూశాడు. ఆనా అడుగు వెనక్కి వేసింది. ఇక అడుగుతాడు, నన్నెందుకు వదిలేశావని ఇప్పుడే అడుగుతాడు.

"పాప ఏదమ్మా?" అన్నాడు.

ఆమె భోరుమంది. "లేదురా నాన్నా. ఆ ఫ్యాక్టరీ అనే ఆడవాళ్ళ జైల్లో నన్ను ఉతుకుడు తొట్ల దగ్గర నిలబెట్టారు, దాన్ని వేరే గదిలో పడేశారు. పాలిద్దామని వెళితే ఒకరోజు ఆ పక్క ఖాళీగా ఉంది. నిన్ను వదిలేసి దాన్ని తెచ్చుకున్నాను. దాన్నీ దక్కించుకోలేకపోయాను."

వాడు లేచి వచ్చి ఆమె తల తన కోటుకేసి అదుముకున్నాడు.

ఎంతసేపటికో ఆనా కూతురి వైపు చూసే ధైర్యం చేసింది. "నీకెప్పటినుంచి తెలుసే?"

"చిన్నప్పటినుంచి. నిద్రలో ఈ భాషలోనే ఏడ్చేదానివి. అడిగితే నాన్న నోరు మూయించాడు." టబితా కళ్ళు తుడుచుకుంటూనే రోడ్డు వైపు చూసింది. కుట్టుపని సంఘం ఆడవాళ్ళు అప్పుడే పాదిరిగారింట్లోంచి బయటికొస్తున్నారు. ఆమె మొహం పాలిపోయింది. "అన్నయ్యను ఇంటికి తీసుకెళదాం. సైలస్‌కు నేను చెప్పుకుంటాను. కానీ వెనక దారిన పోదామమ్మా. ఎవరి కంటా పడకుండా."

కోర్మక్ సరేనని వెనక దారికేసి తిరిగాడు. ఆనా కదల్లేదు.

"నా కాళ్ళు వణుకుతున్నాయే తల్లీ," అంది. "వెనక దారంతా రాళ్ళు, పడిపోతాను. రోడ్డు మీదనే పోదాం."

ఆడవాళ్ళు గుంపుగా దగ్గరకొస్తున్నారు. టబితా తల్లిని చూసింది, ఆ గుంపును చూసింది. తర్వాత వెళ్ళి ముందు గేటు గడియ తీసి పట్టుకుంది. హనోరా స్కల్లీ, తన కొడుకు చెయ్యి పట్టుకుని, భయపడుతూనే, రోడ్డెక్కింది.