గడియ పెట్టని పేజీ

మస్కట్ దగ్గరి అల్ మవాలేలోని ఆ ఇంట్లో పొద్దుటి పనికి ఒక వరస ఉంది. రజియా ముందు వాకిలి కడుగుతుంది, తర్వాత కహ్వా అనే అరబ్బీ కాఫీ కాచి ఫ్లాస్కులో పోస్తుంది, ఆ తర్వాత చేతులు తుడుచుకొని ల్యాప్‌టాప్ ముందు కూచుంటుంది. ఇంటి యజమానురాలు ఉమ్ సాలిం బుఖూర్ చేసి అమ్ముతుంది. బుఖూర్ అంటే అగరుచెక్క పొడిలో చక్కెర పాకం, అత్తరు కలిపి చేసే ధూపం. దానికో వెబ్‌సైటు ఉంది. కూతురు పెళ్ళై సలాలా పోతూ ఆ పని రజియాకి నేర్పిపోయింది. పెద్ద కష్టమేం లేదు. ఎడమపక్క డబ్బాల వరస ఉంటుంది. ఫోటో డబ్బా, ధర డబ్బా, ఆర్డరు డబ్బా. కావలసినదాన్ని పట్టి లాగి పేజీ మీద వదిలేయడమే.

పేజీ తెరిస్తే బుఖూర్ వాసన వచ్చేది, ఫోనులోనైనా, కంప్యూటర్లోనైనా. అందుకు ఎవరూ ఏమీ అనుకోలేదు. తలనొప్పిగా ఉంది, కాస్త తగ్గించండి అని మాత్రం అప్పుడప్పుడూ ఎవరో ఒకరు రాసేవాళ్ళు. ఫోను దూరంగా పెట్టుకొని చూడండి అని రజియా మర్యాదగా జవాబిచ్చేది.

రజియాది రాయచోటి. దూదేకుల ఇల్లు. అమ్మా నాయనా పోయాక అక్కాచెల్లెళ్ళిద్దరూ బస్టాండు పక్కన దోసెల బండి పెట్టుకొని బతికారు. ముందు రజియా ఒమన్ వచ్చింది. తర్వాత ఇంకో ఏజెంటును పట్టుకొని చెల్లెలు మహబూబీ వచ్చింది. కొత్తలో రోజూ ఫోను చేసేది. ఒకరోజు చేయలేదు. మర్నాడు రజియా చేస్తే స్విచాఫ్. ఆ తర్వాత ఆ నంబరే లేదంది. ఏజెంటు ఎత్తలేదు. అడిగిన చోటల్లా వీసా ఇచ్చిన యజమాని, అదే స్పాన్సర్, పేరు చెప్పమన్నారు. ఆ పేరు రజియాకి తెలియదు. పిల్ల ఎప్పుడూ "మా మామా" అనేది, అంతే. ఇక్కడ ఇంటి ఆడమనిషిని అలాగే పిలుస్తారు, అరబ్బీలో అమ్మ అని. దేశం నిండా మామాలే. ఏ మామా ఇల్లని వెతకాలి?

అలా రెండు రంజాన్లు పోయాయి. ఇప్పుడు రజియా వీసా కూడా అయిపోవచ్చింది. శుక్రవారం విమానం. చెల్లెలున్న దేశాన్ని వదిలి, చెల్లెలు లేని ఊరికి ఒక్కతే పోవాలి.

ఆ డబ్బాల వరసలో అమ్ముకునేవాళ్ళకి కావలసినవన్నీ ఉన్నాయి. తగ్గింపు ధర చూపించడానికి డబ్బా ఉంది, కొన్నవాళ్ళు మెచ్చుకోవడానికి డబ్బా ఉంది. తోడబుట్టినదాన్ని వెతుక్కునేవాళ్ళకి ఒక్కటీ లేదు. ఎందుకుంటుంది? ఆ వరస పేర్చినవాళ్ళెవరూ ఎవర్నీ పోగొట్టుకోలేదు మరి. అయితే అన్నిటికంటే అడుగున, ఎవరూ ముట్టనిది ఒకటుంది. 'మీ సొంత కోడ్' అని దాని పేరు. లోపల ఏమీ ఉండదు. ఏం కావాలో మనమే రాసుకోవాలి.

మహబూబీ ఫోటో పెడదామా అని రజియా చాలా ఆలోచించింది. ఆడపిల్ల తప్పిపోయిందని రాస్తే రాయచోటిలో ఎన్ని కథలు అల్లుతారో తెలుసు. పిల్ల ఉన్న ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటారో తెలియదు. వాసనతో ఆ బాధ లేదు. తెలిసిన ముక్కుకే తెలుస్తుంది.

కోడ్ రాయడం ఒక హిందీ వీడియో చూసి నేర్చుకుంది. కొమ్ముల్లాంటి రెండు గుర్తుల మధ్య ఒక మాట రాస్తే తెరిచినట్టు. చివర్న అదే మాటకి ముందు ఏటవాలు గీత పెట్టి రాస్తే మూసినట్టు. మనం చెప్పదలచుకున్నది ఆ రెంటి మధ్య ఉండాలి. తెరిచినదాన్ని మూయకపోతే పేజీ పాడైపోతుందని వీడియోలో పదే పదే చెప్పారు. మంగళవారం మధ్యాహ్నం రజియా తెరిచింది. లోపల తెలుగులో 'ఎర్రకారం దోసె, రాయచోటి బస్టాండు, పొద్దున' అని రాసింది. మూయబోయి ఆగింది. ముగింపు లేదని కింద ఎర్రగీత పడింది. అయినా సేవ్ నొక్కేసింది.

బుధవారానికి దోసె వాసన ఆ డబ్బా దాటి ధరల్లోకి, ఫోటోల్లోకి, అత్తరు సీసాల బొమ్మల్లోకి పాకింది. ఎండుమిరపకాయ, ఉల్లిగడ్డ, తెల్లగడ్డ కలిపి నూరిన కారం పెనం మీద చుయ్యిమన్న ఘాటు. పేజీ తెరిచినవాళ్ళందరూ తుమ్మారు.

పార్సిళ్ళు వేసే చెన్నయ్య రెండు వెనక్కి తెచ్చాడు. అతనిదీ కడప జిల్లానే.

"ఏమ్మా రజియా, ధూపం కొనేవాళ్ళకి ఈ దోసె గోలేంది? సీబ్‌లో ఒకామె పెండ్లి అబాయా బురఖాలకి కారం పట్టిందని పార్సిల్ నా మొగాన కొట్టినంత పని చేసింది. నాకు మాత్రం పొద్దున్నుంచి ఆకలి సంపుతాండాది."

"తినిపో అన్నా, చేసిపెడ్తా."

"తింటా గానీ, దాన్ని మూసెయ్‌మ్మా. మామా చూస్తే ఊరుకోదు."

ఉమ్ సాలిం అప్పటికే చూసింది. ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకొని వచ్చి నిలబడింది. ఆమెకి కోడ్ రాదు గానీ ఎర్రగీత అంటే ఏమిటో తెలుసు, కూతురు చెప్పింది. తెరిచి వదిలేశావు, మూసెయ్, ఖలాస్ అంది. రజియా తలొంచుకుంది. ఇంతకాలంలో ఆమె మాటకి ఎదురు చెప్పింది లేదు.

"మూయను మామా," అంది, తనకొచ్చిన హిందీలో, అరబ్బీలో. "మా ఇళ్ళల్లో మనిషి బయట ఉండగా తలుపుకి గడియ పెట్టరు. ఎంత పొద్దుపోయినా దగ్గరికేసి ఉంచుతారు. గడియ పెడితే, నువ్వు రాకపోయినా ఫర్వాలేదని చెప్పినట్టు. నా చెల్లెలు ఇంకా బయటే ఉంది."

ఉమ్ సాలిం బల్ల మీది ఫ్లాస్కు తీసి కహ్వా పోసుకుంది. తాగలేదు. ఆమె ఇంకో రెండు తుమ్ములు తుమ్మి, గురువారం సాయంత్రం దాకా ఉంచుకో అంది. ఆ తర్వాత మూసి మరీ బయల్దేరాలి. తన బతుకుతెరువు కూడా ఆ పేజీ మీదే ఉందని గుర్తుచేసింది. అందులో అన్యాయం ఏమీ లేదని రజియాకి తెలుసు. అందుకే ఇంకా కష్టంగా ఉంది.

గురువారం ఆమె పెట్టె సర్దలేదు. ల్యాప్‌టాప్ దగ్గరే కూచుంది. మస్కట్ నుంచి ఎవరో తిట్టి రాశారు. సోహార్ నుంచి ఎవరో, ఆ ఘాటైనది అమ్ముతారా, పాకెట్ ఎంత అని అడిగారు. సాయంత్రపు అస్ర్ నమాజు పిలుపు అయ్యాక ఉమ్ సాలిం వచ్చి వెనక నిలబడింది. తొందరేమీ పెట్టలేదు. రజియా ఏటవాలు గీత ఉన్న మీట మీద వేలు పెట్టింది.

అప్పుడొక ఆర్డరు వచ్చింది. ఖబూరా నుంచి, రెండు డబ్బాల బుఖూర్. కొన్న ఆమె పేరు, నంబరు అన్నీ అరబ్బీలో ఉన్నాయి. 'ఇంకేమైనా చెప్పాలా' అన్న గడిలో మాత్రం తెలుగు.

'ఎవురుమ్మా దోసె మీద కారం పూసేది? తెల్లగడ్డ మాడ్తాండాది. ఇట్ల మాడ్చేది నాకు తెలిసి మా అక్క ఒక్కతే.'

రజియా చదివింది. మళ్ళీ చదివింది. ఏం రాశారని ఉమ్ సాలిం అడిగింది.

"వంట బాగాలేదని రాసింది మామా," అని మాత్రం అనగలిగింది.

ఉమ్ సాలిం ఆమె ముఖంలోకి చూసి, ఇంకేమీ అడక్కుండా తన ఫోను తీసింది. ఆ పిల్లే అయితే నువ్వు శుక్రవారం ఎక్కడికీ పోవు, వీసా నా చేతిలో పని అంది. నంబరు కలిపింది. అవతల ఎత్తింది ఖబూరా ఆమె. ఒమనీ ఆడవాళ్ళిద్దరు మాట్లాడుకుంటే ముందు కుశలం అయ్యాకే పని. నువ్వెలా ఉన్నావు, పిల్లలెలా ఉన్నారు, కబుర్లేమిటి, తోటెలా ఉంది. అంతసేపూ రజియా గోడకి చేయి ఆనించి నిలబడింది. పార్సిల్ కోసమని వచ్చిన చెన్నయ్య గుమ్మంలోనే ఆగిపోయి, ఖబూరా ఎంత దూరమో ఎవరూ అడక్కపోయినా గంటన్నర, బండి నేను తెస్తానని చెప్పాడు. చెన్నయ్య బండి తెస్తాడని ఉమ్ సాలిం ఫోనులో చెప్పేసింది.

చివరికి ఫోను రజియా చెవి దగ్గరికి వచ్చింది.

"ఎవురు?" అంది అవతలి గొంతు.

"నేనేమే."

ముక్కు ఎగపీల్చిన చప్పుడు వినిపించింది.

"ఫోను తోట బావిలో పడిందక్కా. నంబర్లన్నీ దాంట్లోనే."

"నా నంబరు నీకు నోటికి రాదా?"

"నీ నంబరు నీకొచ్చునా?"

రాదు. రజియాకి నవ్వొచ్చింది, నవ్వు ఏడుపయింది. అవతల మహబూబీ ఆపకుండా చెప్పుకుపోతోంది. వాళ్ళ మామా బుఖూర్ కొనాలని ఫోను తెరిచిందట. ఘాటు వంటిల్లు దాటి, పశువుల కొట్టం దాటి, ఖర్జూరపు చెట్ల మొదట్లో నీళ్ళు కడుతున్న తన దాకా వచ్చిందట. చేతిలో పార అట్లాగే పడేసి పరుగెత్తిందట.

"ఏడ్చింది చాల్లేక్కా. చెన్నయ్యన్నో సిన్నయ్యన్నో బండి తెస్తాడంటాండారు గదా, ఎక్కిరా. ముందు మంట తగ్గించు. ఇల్లంతా పొగ."

ఫోను చెవికి అలాగే ఆనించుకొని రజియా వంటింట్లోకి నడిచింది. పొయ్యి వెలగడం లేదు, పైన పెనం లేదు. ఆమె చేయి చాచి పొయ్యి మీటను సిమ్‌లోకి తిప్పింది.

"ఆ," అంది మహబూబీ ఖబూరాలో, "ఇప్పుడు బాగుండాది."