చేతులు విదిలించే ఊరు

డెబ్భై నాలుగులో కొత్తగూడలో తెల్లవారితే, కోళ్ళ కంటే ముందు ఆడవాళ్ళ చేతులు లేచేవి. గుమ్మంలో నిలబడి, తడి దులుపుకున్నట్టు మణికట్ల దగ్గర్నుంచి విదిలించేవారు. తడి ఉండదు. నోట మాటా ఉండదు. ఒక గుమ్మంలో మొదలైతే ఎదురు గుమ్మంలో, ఆ పక్క గుమ్మంలో, వాడంతా. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్ళు చూసి జడుసుకునేవారు. ఏడాది తిరక్కుండా వాళ్ళూ విదిలించేవారు.

వాళ్ళంతా రాయదుర్గం బండల పక్కనున్న తీగ కార్ఖానాలో పనివాళ్ళు. మోటార్లలో పెట్టే రాగి తీగను చేత్తో చక్రం తిప్పి చుట్టాలి. కొసను పటకారుతో నొక్కి బిగించాలి. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకే దాకా అదే మణికట్టు, అదే తిప్పుడు.

చెయ్యి పోవడం ఒక్కరోజులో జరగదు. ముందు బొటనవేలూ దాని పక్క రెండు వేళ్ళూ చీమలు పారినట్టుంటాయి. తర్వాత ఆ చీమలు కూడా ఉండవు. అన్నం ముద్ద నోటి దాకా రాకుండానే రాలిపోతుంది. రవిక గుండీ వేళ్ళకు దొరకదు. పొయ్యి మీద గిన్నె దించితే, వేలు కాలిన సంగతి వాసన వచ్చాక తెలుస్తుంది.

ఈ రోగానికి కార్ఖానాలో ఉన్న పేరు ఒక్కటే: సీతాబాయి. కిటికీ పక్క పీట ఆమెది. చెయ్యి చచ్చుబడితే పనిలోంచి తీసేశారు. బావి దగ్గర చేతిలోంచి జారిపోతున్న చేదతాడును పట్టుకోబోయి లోపల పడి చచ్చిపోయింది. ఆ పీట మీద ఎవరు కూర్చుంటే వాళ్ళ చెయ్యి సీతాబాయి పట్టుకుంటుందని మాట పుట్టింది. పుట్టించిందెవరో తెలియదు. పెంచి పోషించింది మాత్రం సూపర్వైజరు భీమేశ్వరరావు. ఎవరి చెయ్యి నెమ్మదించినా తీసుకెళ్ళి ఆ పీట మీద కూర్చోబెట్టేవాడు. కొన్నాళ్ళకు ఆ చెయ్యి పూర్తిగా పడిపోయేది. "చూశారా, పీట మహిమ!" అనేవాడు. జనం నమ్మారు. కళ్ళెదుట జరుగుతుంటే నమ్మక ఏం చేస్తారు?

ఇప్పుడా పీట కిష్టమ్మకు వచ్చింది. మొగుడు పెంటయ్య బండ కింద కాలు నలిగి మంచం పట్టాడు. ఈమె పని పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. కిష్టమ్మ లింగంపల్లి పోయి డాక్టరుకు చెయ్యి చూపించుకుని, నేరుగా భీమేశ్వరరావు ముందు నిలబడింది.

"సారూ, గాలి లేదు గీలి లేదు. మణికట్టు లోపట సన్నటి సందున్నదట. అండ్లకెల్లి నరం పోతదట. తిప్పి తిప్పి ఆడ వాపొచ్చి నరం నలుగుతున్నదట. జర నా పని మార్చుండ్రి. కోత వెట్టి బాగ చేస్తరట, కర్సు కార్ఖానా పెట్టుకోవాలె."

"డాక్టరు సవాలక్ష చెబుతాడమ్మా, ఆయన సొమ్మేం పోయింది? నిన్ను చూసి మిగతావాళ్ళు హడలిపోతున్నారు. శుక్రవారం నిమ్మకాయ పట్టిద్దాం. నీ చేతిలో నిలిచిందా, పని చేసుకో. రాలిందా, ఇంటికి పో. అప్పుడు నేను పంపినట్టు కాదు, మైసమ్మ తల్లి పంపినట్టు."

డాక్టరు మాట నిజమైతే యజమాని డబ్బు తియ్యాలి. దయ్యం నిజమైతే బుట్టెడు నిమ్మకాయలతో సరిపోతుంది. అందుకే యజమానులకు దయ్యాలంటే అంత ముద్దు.

గాలి సోకిందని అనుమానం వస్తే ఆ ఊళ్ళో చేసే పద్ధతి ఇది. నిప్పుల మీద మైసాక్షి గుగ్గిలం పొగ వేస్తారు. అనుమానమున్న మనిషి నిమ్మకాయను పిడికిట్లో పట్టి, మణికట్టు కిందికి వంచి, పొగ మీద చాచాలి. డప్పు ఆగేదాకా కాయ నిలవాలి.

శుక్రవారం కార్ఖానా ముందర నిప్పులు పోశారు. మైసమ్మ పూనే శివసత్తు భూలక్ష్మి జడలు విరబోసుకుని కూర్చుంది. మిగతా రోజుల్లో ఆమె కూడా తీగ చుట్టేదే.

"రావే కిష్టమ్మా, పట్టు," అని పిలిచింది.

"నేనొక్కదాన్నే ఎందుకు? అందరం పట్టుకుందాం."

గుంపులోంచి నీలమ్మ మూతి తిప్పింది. "మాకేం కర్మనే? నేనా పీట దిక్కు సూడనుగూడ సూడలే."

"సూడకుంటె బుగులెందుకే నీకు? పట్టు మరి!" అంది కిష్టమ్మ.

భీమేశ్వరరావు నవ్వాడు. "సరే, అందరూ పట్టండి. ఎవరికి పట్టిందో తేలిపోతుంది."

భూలక్ష్మితో సహా అందరూ తలా ఒక కాయ పట్టి, గుండ్రంగా నిలబడి చేతులు చాచారు. డప్పు మొదలైంది. కాసేపటికే కిష్టమ్మ కాయ నిప్పుల్లో పడి చుయ్యిమంది. భీమేశ్వరరావు తలాడించాడు.

మళ్ళీ చుయ్యిమంది. నీలమ్మ ఎవరిదా అని పక్కదాని చేతి వంక చూసింది. పక్కదాని కాయ దాని చేతిలోనే ఉంది. నీలమ్మ తన చెయ్యి చూసుకుంది. పిడికిలి విచ్చుకుని ఉంది. ఎప్పుడు విచ్చుకుందో ఆమెకు తెలియలేదు.

తర్వాత ఒకటి. ఆ వెంటనే రెండు. ఎవరూ కాయను వదల్లేదు. చేతులే, మనుషులతో పని లేనట్టు, వాటంతటవి తెరుచుకున్నాయి. చప్పుడు విన్నాక ప్రతి ఒక్కతీ కిందికి చూసి, ఆ చెయ్యి తనదేనని తెలుసుకుంది. పొగలో పులుపు వాసన నిండింది. చివరికి భూలక్ష్మి చేతిలోని కాయ కూడా రాలింది. డప్పువాడు భయపడి ఆపేశాడు.

భూలక్ష్మికి పూనకం దిగిపోయింది. మామూలు గొంతుతో, "నాది గూడనా?" అంది.

"అంటే... అందరికీ పట్టిందన్నమాట," అన్నాడు భీమేశ్వరరావు.

"సీతాబాయికి ఉన్నయే రెండు చేతులు సారూ," అంది కిష్టమ్మ. "అండ్ల ఒకటి సచ్చిందాయె. ఇందర్ని దేంతోని పట్టింది?"

పని గంట కొట్టారు. ఎవరూ లోపలికి పోలేదు. భీమేశ్వరరావు వాచ్‌మన్ వీరేశాన్ని చందానగర్‌కు తోలి, కొత్త ఆడవాళ్ళను పిలిపించాడు. మధ్యాహ్నానికి వాళ్ళు వచ్చారు. బూడిదలో మాడిన కాయల్ని చూసి దూరంగానే ఆగిపోయారు.

"అక్కా, సీతాబాయి పీట ఏదంటరు? అదొక్కటి ఇడిశి యాడన్న కూసుంటం," అని అడిగింది వాళ్ళలో ఒకామె.

"అన్నీ ఆమెయే," అంది కిష్టమ్మ.

"అబద్ధం!" భీమేశ్వరరావు అరిచాడు. "కిటికీ దగ్గరిదొక్కటే. మిగతావాటికి ఏ దోషమూ లేదు!"

"అయితె నువ్వే కూసో సారూ," అంది నీలమ్మ. "జర తిప్పి సూపెట్టు. సూసినంక ఆళ్ళొస్తరు, మేమొస్తం."

అందరూ ఆయన్నే చూస్తున్నారు. భీమేశ్వరరావు లోపలికి నడిచాడు. తలుపు పక్క పీట మీద కూర్చున్నాడు. హాలంతా ఖాళీ. ఎదురుగా చక్రం పిడి, పట్టి పట్టి నున్నగా అరిగిపోయి ఉంది. ఆయన చెయ్యి దాని దాకా వెళ్ళింది.

పట్టుకోలేదు.