ఏడో చరణం

మూడో అంతస్తు ఆడవాళ్ళ బాత్రూంలో అద్దాలు తుడుస్తూ చెన్నమ్మ పాటను లోలోపలే మననం చేసుకుంటోంది. ఒంటి మీద రోజూ వేసుకునే యూనిఫాం లేదు. ఇవాళ ఆఫీసులో చీరల పండగట, ఆమెనూ చీర కట్టుకు రమ్మన్నారు. యాభై రెండేళ్ళ మనిషి. బొంగురు గొంతు, సున్నం కొరికేసినట్టు పగిలిన వేళ్ళు. మక్తల్ దిక్కు నుంచి వలసొచ్చి, కాలువలు తవ్వి, ఇటుకలు మోసి, చివరికి కొత్తగూడలోని ఈ అద్దాల మేడలో బాత్రూములు కడగడానికి కుదిరింది. తొమ్మిదేళ్ళయింది. ఆమె పేరు అక్కడ నలుగురికి తెలిస్తే గొప్ప.

పోయిన వారం ఆమె కూనిరాగం విని, హెచ్చార్‌లో పనిచేసే సంయుక్త మురిసిపోయింది.

"ఎంత బావుందండీ! స్టేజి మీద పాడతారా?"

"గిది దయ్యం పాట బిడ్డా. నడుమ ఆపొద్దు. ఏడు చరణాలు పాడాల్నే."

"అలాగేనండీ," అంది సంయుక్త. ఏం విందో ఏమో, మహాతల్లి!

పాటలో ఒక కూలితల్లి దయ్యాన్ని పిలిచి తన కష్టమంతా దానికి అప్పజెబుతుంది. ఏడో చరణానికి ఆ కష్టం పడలేక దయ్యమే పారిపోతుంది. అప్పుడు పాడిన మనిషి దక్షిణం దిక్కుకు తిరిగి మూడుసార్లు 'తూ' అనాలి. సగంలో ఆపితే పిలిచిన దయ్యం పిలిచిన చోటే కూర్చుంటుందని వాళ్ళ ఊరి నమ్మకం. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. ముప్పై ఏళ్ళ కిందట కాలువ పనిలో మేస్త్రీ గద్దిస్తే చెన్నమ్మ ఐదో చరణంలో ఆపేసింది. ఆ వారమే ఏడాది నిండని కొడుకు జ్వరంతో పోయాడు. జ్వరమే కారణమని దవాఖానలో చెప్పారు. తన పాపమేనని ఆమె ఇప్పటికీ కుమిలిపోతుంది.

మధ్యాహ్నం హాలు కిటకిటలాడింది. చెన్నమ్మ కళ్ళు మూసుకుని ఎత్తుకుంది.

*రాయి మోయబోతి దయ్యమా, రాత బాగలేక*
*రాయి చాటునుండి దయ్యమా, రమ్మంటివి నన్ను*
*వస్త గాని ముందు దయ్యమా, గంప జర మొయ్యి*
*పొద్దు గూకెదాక దయ్యమా, నడుము ఎత్తకుండ*

ఈలలు, చప్పట్లు. నాలుగో చరణం అయ్యీ అవగానే సంయుక్త మైకు లాగేసుకుంది. "సూపర్ అండీ! టైం అయిపోయింది." కంపెనీ పెద్ద ఉదయ్ భాస్కర్ స్టేజీ ఎక్కి, మనమంతా ఒకే కుటుంబం అంటూ మొదలుపెట్టాడు.

"ఇగ చాలు, పోయి పని చూస్కో," అన్నాడు సూపర్‌వైజర్ రవీందర్, ఆమె మెట్లు దిగి రాగానే.

"ఇంక మూడు చరణాలున్నయన్నా. దాన్ని పిలిస్తి, పంపలే."

"ఎవల్ని?"

చెన్నమ్మ హాల్లో కూర్చున్న పిల్లలను చూసింది. బతికుంటే తన కొడుకూ వీళ్ళ ఈడువాడే. బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చేవాళ్ళను ఆమె ఎరుగును. వీళ్ళ మధ్య దాన్ని వదిలేసి పోవడమా? నౌకరి పోతుందేమోనని భయం వేసింది. పోతే పోనీ అనుకుని మళ్ళీ స్టేజీ ఎక్కింది.

మైకు లేకుండానే అందుకుంది. ఉదయ్ భాస్కర్ మొహమాటంగా నవ్వి పక్కకు జరిగాడు. ఐదు, ఆరు చరణాలు దాటి ఆమె ఏడోదానికొచ్చింది.

*నీ కట్టము నాకొద్దు చెల్లే, నా కొమ్ములు అరిగె*
*పొలిమేర దాటించు చెల్లే, మళ్ల రాను రాను*

దక్షిణానికి తిరిగి "తూ! తూ! తూ!" అంది. ఆయన జరిగి నిలబడింది సరిగ్గా ఆ దిక్కుకే. అదీ కర్మ! చుక్క ఉమ్మి పడలేదు గానీ ఆయన మొహం తుడుచుకున్నాడు.

"పోయింది బిడ్డా, ఫికర్ చెయ్యకుండ్రి," అని చెన్నమ్మ తృప్తిగా చెప్పింది.

రవీందర్ ఆమె రెక్క పట్టుకుని పక్క తలుపులోంచి గేటు దాకా నడిపించాడు. మెడలోంచి ఐడీ కార్డు తీసుకున్నాడు.

"ఏంది చెన్నమ్మా, పెద్దసారు మీద ఉమ్ముతవా? రేపటి సంది రాకు."

"సారు మీద గాదన్నా..."

అతను అప్పటికే వెనక్కి తిరిగాడు. ఎర్రటెండలో రోడ్డు కాలుతోంది. చెన్నమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, అరికాళ్ళు చురుక్కుమంటుంటే గబగబా మూసాపేట బస్సు కోసం నడిచింది.

లోపల డాన్సులు మొదలయ్యాయి. స్టేజీ మెట్ల పక్కన, ఎవరి కాలికీ అడ్డం రాకుండా గోడవారగా విడిచిన ఒక జత హవాయి చెప్పులు, ఒకదాని పట్టీకి పిన్నీసు.