తాటిమట్టల గూడబాతులు

ఆ పొద్దున ఆకాశం పాలల్లో బూడిద కలిపినట్టుంది. సముద్రం మీద పుట్టిన మబ్బు రాత్రంతా కురవాలా వద్దా అని ఊగులాడి, తెల్లారేసరికి చెరువు మీద చతికిలబడింది. ఆకు కదిలే గాలి లేదు. ఇలాంటి పూట గూడబాతులు గూళ్ళ మీంచి లేవవు. నీళ్ళలో నడుముదాకా మునిగిన కడప చెట్ల మీద, గొంగళ్ళు కప్పుకున్న ముసలివాళ్ళ మాదిరి సంచి వేలాడే ముక్కులు రొమ్ముకు ఆనించుకుని కూర్చుని ఉన్నాయి.

వెంకయ్య తూము రాతి మీద గొంతుకూర్చుని వాటినే చూస్తున్నాడు. ఆ పక్షుల కావలి వాళ్ళ తాత కాలం నుంచీ వాళ్ళ ఇంటిదే. జీతమేమీ లేదు. పక్షుల రెట్ట చెరువులో పడుతుంది, ఆ నీళ్ళు మళ్ళకు పారతాయి, పెంట తోలకపోయినా వరి నల్లగా ఎదుగుతుంది. పక్షులు బెదిరి పోతే ఆ ఏటికి చెరువులో ఉండేవి వట్టి నీళ్ళే. అందుకే అవి గూళ్ళ మీద ఉన్నన్నాళ్ళూ ఆ ఊళ్ళో డప్పు మోగదు, టపాకాయ పేలదు. ఎద్దుల మెడల్లో గంటలు విప్పి వసారాలో తగిలిస్తారు. పెళ్ళిళ్ళు కూడా పక్షులు పోయినాకే.

చప్పుడు చెయ్యకూడదనే ఆ కట్టు వేసేది వెంకయ్యే. పక్షులు దిగిన మర్నాడు ఇంటింటి గడప దగ్గరా నిలబడి "వచ్చినాయి" అంటాడు. ఇంటామె అన్నం ముద్ద తెచ్చి చేతిలో పెడుతుంది. అక్కడే నిలబడి, మాటా పలుకూ లేకుండా తింటాడు. అతను ముద్ద తిన్న ఇల్లు కట్టుకు ఒప్పుకున్నట్టు. కాలవ అవతల పల్లెలో ఇదే పని అక్కడి పెద్ద చిన్నపోలయ్య చేస్తాడు. ముద్ద కోసం వెంకయ్య కాలవ దాటడు, చిన్నపోలయ్య ఇవతలికి రాడు.

టక్కు టక్కు టక్కు.

ఆ చప్పుడుకు వెంకయ్య తల తిప్పాడు. కట్ట కింద కిరస్తానీ మిషను వాళ్ళ బడి ఉన్న వైపు నుంచి. మొదట ఒకటి, ఆ వెంటనే ఎన్నో కలిసి, ఊళ్ళో వడ్రంగులంతా ఒకేసారి పనికి కూర్చున్నట్టు. గాలి లేని పూట చప్పుడుకు అడ్డమేముంది. నేరుగా పోయి కడప చెట్లకు తగిలింది. చెరువు మధ్యలో తెల్లటి దుప్పటి విదిలించినట్టయింది. పక్షులన్నీ లేచాయి. రెక్కల గాలికి నీళ్ళు వణికాయి. అవి మబ్బు కిందికి పోయి తిరగడం మొదలుపెట్టాయి. గూళ్ళలో గుడ్లూ, ఈకైనా మొలవని ఎర్రటి పిల్లలూ మిగిలాయి. కట్ట మీది తుమ్మల్లోంచి అప్పుడే కాకులు కదిలాయి.

వెంకయ్య పరిగెత్తలేదు. పరిగెత్తితే ఇంకా బెదురుతాయి. పళ్ళు బిగించి, పెద్ద పెద్ద అంగలేసి కట్ట దిగాడు.

బడి పాక ముందు ఇసకలో పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి మొహానికీ ఒక గూడబాతు ముక్కు. తాటిమట్టను నిలువునా చీల్చి, రెండు బద్దలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చివర పురికొసతో బిగించారు. కింది బద్దకు పసుపులో ముంచిన పాత పంచె గుడ్డ సంచిలా వేలాడుతోంది. దారం లాగితే నోరు తెరుచుకుంటుంది, వదిలితే టక్కుమని మూసుకుంటుంది. పిల్లలు సంచిలో చెయ్యి పెట్టి తగిలిన వస్తువు తీయాలి, పేరు చెప్పాలి, దాని మొదటి అక్షరం ఇసకలో రాయాలి. తప్పు రాస్తే మిగతావాళ్ళంతా ముక్కులు కొట్టాలి. అదీ పాఠం.

దానికి మూలం ఒక బొమ్మల పుస్తకం. మద్రాసు నుంచి ఎవరో దొరసాని పంపిందట. వెంకయ్య దాన్ని చూడలేదు. అతని కూతురి బిడ్డ మస్తానమ్మ ఇంట్లో పొట్ట పట్టుకుని నవ్వుతూ చెప్పింది. ఒక గూడబాతు తిరణాలకు పోయి చాకలిని మూటతో మింగుతుంది, మంగలిని పెట్టెతో మింగుతుంది, కరణాన్ని గొడుగుతో మింగుతుంది. నా అంత గొప్పది లేదని చెప్పుకోడానికి నోరు తెరిస్తే లోపలివాళ్ళంతా బయటికొచ్చి తిట్టిపోస్తారు. వెంకయ్య నవ్వలేదు. "కడుపు నింపే పక్షిని ఎకసెక్కం చేసేది ఒక పుస్తకమా" అన్నాడప్పుడు.

ఇప్పుడు నేరుగా వరసలోకి నడిచాడు. మొదటి మొహం మీంచి ముక్కు ఊడబెరికి కాలి కింద వేసి తొక్కాడు. బద్ద పుటుక్కుమంది. రెండోది. మూడోది. ఇసకలో రాసిన అక్షరాలు అతని కాళ్ళ కింద చెరిగిపోయాయి. పిల్లలు గోడకు అంటుకుపోయారు.

పాకలోంచి హెబ్రోను వచ్చాడు. అతని బడీ కాపురమూ అందులోనే. ఎండాకాలంలో బిట్రగుంట నుంచి పాఠాలు చెప్పడానికి వచ్చిన అయివారు. రైల్వే కాలనీలో ఇంజను కూతల మధ్య పెరిగినవాడు. చప్పుడు లేనిచోట అతనికి నిద్రే పట్టదని ఊళ్ళో అనుకునేవారు.

"ఏంది మీరు చేసేది?" అన్నాడు హెబ్రోను.

"ఏమయ్యా అయివారూ, నువ్వు చేసిందేందో పైకి చూడు."

"పక్షులు లేచినాయి. పక్షులన్నాక లేవవా?"

"లేస్తాయి. ఇంక దిగవు. నీ బోడి పుస్తకం వచ్చి మా మళ్ళకు ఎరువేస్తుందా?"

"పిల్లోళ్ళు వారం కూర్చోని చేసుకున్న వస్తువులు. మీ మనవరాలిది కూడా ఉండాది అందులో."

"దానిది ముందు తొక్కినా" అన్నాడు వెంకయ్య.

అప్పటికే కట్ట మీద జనం మూగారు. గంగులయ్య చేతికర్ర ఊపుకుంటూ దిగాడు. ఊరి పెద్ద. బడికి ఆ స్థలం ఇచ్చింది వాళ్ళ నాయన. వెనకే కాలవ అవతలి నుంచి చిన్నపోలయ్య కూడా వచ్చి దూరంగా నిలబడ్డాడు. గంగులయ్య ఆకాశం చూశాడు, కాకుల్ని చూశాడు, పాకను చూశాడు.

"స్థలమిచ్చింది చదువుకి" అన్నాడు. "చెరువు చెడగొట్టేదానికి కాదు. పాక పీకేయండి. వాసాలు వాళ్ళవే, తీసకపోనీండి."

"ముందు చెప్పుంటే మేం చేసుండం" అన్నాడు హెబ్రోను. "ఒక్కరన్నా చెప్పినారా నాకు?"

"ఇంటింటికీ చెప్తాడు వెంకయ్య. నీ ఇంటికి చెప్పలేదంటావా?"

"ఆయన ఈ ఆరు నెల్లలో నా వాకిలి వైపు మొహం తిప్పితే ఒట్టు."

గంగులయ్య వెంకయ్య వైపు తిరిగాడు. "ముద్ద తిన్నావా ఈ ఇంట్లో?"

వెంకయ్య తలగుడ్డ సర్దుకున్నాడు. పక్షులు దిగిన మర్నాడు ఊళ్ళో అన్ని గడపలూ తిరిగి, చివరికి ఈ పాక ముందుకొచ్చాడు. లోపల చేపల పులుసు వాసన. కిరస్తానీ ఇల్లు, కాలవ అవతలి మనుషుల రక్తం. ఇది చిన్నపోలయ్య లెక్క అనుకుని పంచె దులుపుకుని ఇంటికి పోయాడు. అనుకోవడం తేలిక గనక అనుకున్నాడు.

అతను నోరు విప్పేలోగా మస్తానమ్మ గోడ దగ్గర్నుంచి అంది. "తినలేదు గదా తాతా. అందుకే బడికి కట్టు లేదు. మేం ఎక్కాలు గట్టిగా చదివేది ఈడొక్కచోటే. పిల్లోళ్ళకందరికీ తెలుసు."

కట్ట మీద ఎవరో నవ్వబోయి దగ్గులోకి దింపాడు.

"చిన్నపోలయ్య తినుంటాడనుకున్నా" అన్నాడు వెంకయ్య, ఎవరి మొహమూ చూడకుండా.

"అయ్యా, ఇది కాలవకు ఇవతల" అన్నాడు చిన్నపోలయ్య దూరం నుంచే. "ఇవతల గడప తొక్కితే మీరు నన్ను ఊరకుంటారా?"

కాకి ఒకటి గూటి మీంచి లేచింది. దాని ముక్కు నుంచి గుడ్డుసొన కారుతోంది. వెంకయ్య దాన్నే చూశాడు. అబద్ధం చెప్పి ఉంటే బడి పోయేది, అయివారు పోయేవాడు, తన మాట నిలిచేది. కానీ కట్టు లేని గడప కట్ట కిందే ఉండగా పక్షులు ఎట్లా దిగుతాయి? అతనికి అయివారి మీద జాలి లేదు. చెరువు మీద భయం ఉంది.

గంగులయ్య కర్ర ఇసకలో దిగేశాడు. "కట్టు లేకనే లేచినాయి. ఇప్పుడన్నా పడాల. వెంకయ్యా, ఈ ఇంట్లో ముద్ద తింటావా, లేదంటే పక్షుల కావలి మీ ఇంటి నుంచి తీసి హజరత్తయ్య వాళ్ళకు ఇద్దునా?"

"మేం పెడతామో లేదో అడిగినారా?" అన్నాడు హెబ్రోను. "పిల్లోళ్ళ వస్తువులు తొక్కినోడికి మా ఇంట్లో ముద్దేంది?"

"పెట్టకపోతే పాక పోద్ది" అన్నాడు గంగులయ్య.

లోపలి నుంచి హెబ్రోను భార్య ఆనందకుమారి గడప దగ్గరికొచ్చింది. చేతులు తడిగా ఉన్నాయి. వెంకయ్యను నేరుగా చూసింది.

"పెడతా" అంది. "బయట నిలబడి తినేటట్టయితే పెట్టను. లోపల కూర్చోవాల. మాతో కలిసి తినాల. సగంలో లేచినాడంటే తిననట్టే."

జనం వెంకయ్య వైపు చూశారు. అతను తొక్కిన బద్దల వైపు చూశాడు. పైన పక్షులు తిరుగుతూనే ఉన్నాయి, ఇంకా దూరం పోలేదు. తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని గడప దగ్గరికి నడిచాడు.

"వచ్చినాయి" అన్నాడు. ఆ మాట చెప్పాల్సినప్పుడు చెప్పలేదు. ఇప్పుడది తిట్టులా వచ్చింది.

తల వంచి పాకలోకి దూరాడు. మస్తానమ్మ అడగకుండానే వెనకాలే పోయి పక్కన కూర్చుంది. ఆమె ఒళ్ళో విరిగిన ముక్కు ఉంది. ఆనందకుమారి నాలుగు విస్తళ్ళు వేసి అన్నం వడ్డించింది, నిన్నటి చేపల పులుసు పోసింది, తనూ కూర్చుంది. హెబ్రోను కళ్ళు మూసుకుని ప్రార్థన పెదాల లోపలే చేసుకున్నాడు. వెంకయ్య అది అయ్యేదాకా చెయ్యి ఆపాడు. ఎందుకు ఆపాడో అతనికే తెలియదు.

తర్వాత ముద్ద కలిపాడు. బలవంతాన నమిలాడు. దించాడు. ఇంకో ముద్ద కలిపాడు. ఎదురుగా హెబ్రోను అతని మొహం చూడకుండా తింటున్నాడు. బయట జనం చప్పుడు లేదు, పైన రెక్కల చప్పుడు మాత్రం వచ్చి పోతోంది. ఒకసారి అది బాగా దగ్గరకొచ్చింది. ఎవరూ తల ఎత్తలేదు. విస్తట్లో మెతుకు మిగలకుండా నలుగురూ తింటూ ఉన్నారు.