రౌటర్ విన్న రెండో మాట

రౌటర్లు బాగుచేసే ఆమెను వీధిలో అందరూ డాక్టరమ్మ అంటారు. ఆ మధ్యాహ్నం బల్ల మీద ఆమె విప్పి పెట్టిన రౌటర్ పెట్టె పక్కన ఒక కాగితం పరిచి, "సంతకం పెట్టెయ్ మరదలా, పీడా పోతుంది," అన్నాడు అక్క మొగుడు.

బావ ఆ రౌటర్లు తయారుచేసే కంపెనీలో ఏరియా మేనేజరు. దుకాణానికి కంపెనీ సర్వీసు సెంటర్ బోర్డు ఇప్పించింది కూడా ఆయనే. ఆ రౌటర్లలో తను కనిపెట్టిన లోపం గురించి ఎవరి దగ్గరా నోరు విప్పనని ఆమె రాసివ్వాలి. లేదంటే బోర్డు పోతుంది. ఆ బోర్డు చూసే సగం మంది గుమ్మం ఎక్కుతున్నారు.

లోపం చిన్నదేం కాదు. రౌటర్ సెట్టింగుల్లో 'కనెక్షన్ పరీక్ష' అని ఒక గడి ఉంది. అందులో ఏదైనా సైటు చిరునామా కొడితే, అది అందుతోందో లేదో రౌటర్ చూసి చెబుతుంది. చిరునామా వెనకాల ఒక సెమీకోలన్ పెట్టి ఇంకో ఆదేశం తగిలిస్తే, ఆ వెర్రిబాగుల పెట్టె దాన్నీ నెత్తిన పెట్టుకుని చేసేస్తుంది. పాస్‌వర్డ్ కూడా అడగదు, చెప్పేది ఎవరైనా సరే. ఇంటి గుట్టంతా దాని గుండానే పోతుంది మరి! రెండు నెలలుగా ఆమె ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే కంపెనీ చెవిన పెట్టలేదు. అందరికీ చెప్పేస్తానన్నాక మాత్రం కాగితం పరుగెత్తుకుంటూ వచ్చింది.

"కొత్త వెర్షన్‌లో సరిచేశారమ్మా. నువ్వే చూసుకో," అని బావ సంచిలోంచి కొత్త రౌటర్ తీశాడు.

ఆమె గడిలో పాత ఆదేశమే కొట్టింది. 'చిరునామా మాత్రమే రాయండి' అని పేజీ ఎర్రక్షరాలతో కసిరింది. బావ మీసాల్లో నవ్వుకున్నాడు.

ఆ నవ్వుకి ఆమెకు ఒళ్లు మండింది. పేజీ మూసేసి, అదే ఆదేశాన్ని తన కంప్యూటర్ నుంచి నేరుగా రౌటర్‌కే పంపింది. లైట్లన్నీ టప్పున ఆరిపోయి, కాసేపటికి మళ్లీ ఒక్కొక్కటే వెలిగాయి.

"ఏం చేశావ్?"

"ఆగి మళ్లీ లెమ్మన్నాను, లేచింది. వాకిట్లో కాపలా పెట్టి పెరటి తలుపు బార్లా వదిలేశారు బావా. రాయనివ్వొద్దని పేజీకి నేర్పారు గానీ, వినొద్దని పెట్టెకు నేర్పలేదు."

"అది ఇంజనీర్లు చూసుకుంటారులే. నువ్వు సంతకం పెట్టు. బోర్డు పీకించానంటే మీ అక్క నన్ను బతకనివ్వదు."

"మీ ఇంట్లో ఉన్నదీ ఇదే కదూ? చంటిదాని మంచం పైన కెమెరా కూడా దీంతోనే నడుస్తోంది కదూ?"

బావ కాగితాన్ని ఆమె వైపు ఇంకాస్త జరిపాడు.

ఆమెకు భయం లేకపోలేదు. అయినా స్టూలెక్కి నాలుగు స్క్రూలూ విప్పి, బోర్డు దించి ఆయన చేతిలో పెట్టింది.

"మీకు పీకించే శ్రమ ఎందుకు? తీసుకెళ్లండి."

ఆయన కారు మలుపు తిరిగిన పావుగంటకి అక్క ఫోన్ చేసింది. "ఏమే, మీ బావకేం నూరిపోశావ్? దారిలోంచి ఫోన్ చేసి, ఇంట్లో రౌటర్ ప్లగ్గు ఇప్పుడే పీకెయ్యమని ఒకటే కేకలు!"

"పీకెయ్ అక్కా," అంది ఆమె.

ఫోన్ పెట్టేసి, సంతకం లేని కాగితాన్ని తిరగేసింది. వెనక వైపు కంపెనీ పేరు రాసి, దాని కింద పెద్దక్షరాలతో, 'ఈ రౌటర్ మీ ఇంట్లో ఉందా? ఇప్పుడే ప్లగ్గు పీకెయ్యండి' అని రాసి, బోర్డు ఉన్న చోటే అంటించింది.